ఒక్కసారి నవ్వండి

“నవ్వకుండా నవ్వగలవా అక్కా?” అని అడిగాడు చిన్నసారు.

అద్దాలక్క అప్పుడే ఒక కళ్ళజోడు కాడను వేడిపెట్టెలోంచి తీసి బొటనవేలితో వంచుతోంది. వేడి మీద ఉన్నప్పుడే వంచాలి, చల్లారాక వంచితే పుటుక్కున విరుగుతుంది. అందుకని తలెత్తలేదు. వంపు కుదిరాక కళ్ళజోడును బల్ల మీద బోర్లించి, అన్ని పక్కలా సమానంగా ఆనిందో లేదో చూసుకుని, అప్పుడు అడిగింది.

“అదేం నవ్వండీ?”

“అదే, పెదాలు విప్పకుండా. ఇదిగో, ఇలా.” చిన్నసారు చేసి చూపించాడు. పుల్లటిదేదో కొరికినవాడిలా అయింది ముఖం.

సంగతేమిటంటే, ఆదివారం ఫోటోగ్రాఫరు వస్తున్నాడు. దుకాణంలో ఉన్న నలుగురినీ వరసగా నిలబెట్టి ఫోటో తీసి, దాన్ని కూడలిలో పెద్ద బోర్డు మీదికి ఎక్కిస్తారు. తెల్ల దీపాలు వచ్చాయి, గాజు తలుపులు వచ్చాయి, నిలువుటద్దాలు వచ్చాయి. ఇక బాగుచెయ్యడానికి మిగిలింది మనుషులే.

“బోర్డు మీద ఒకలా, కుర్చీ దగ్గర ఒకలా ఉంటే బాగుండదు కదక్కా. నువ్వు కస్టమరు ముఖానికి జానెడు దూరంలో కూర్చుంటావు. వాళ్ళకి ముందు కనపడేది నీ పళ్ళే.” గొంతు తగ్గించాడు. “తప్పుగా అనుకోకు. ఇంట్లోనే తెల్లగా చేసుకునేవి ఇప్పుడు బోలెడు ఉన్నాయట. ఆదివారంలోగా అయితే సరే. కాకపోతే వచ్చే వారం నుంచి కొత్తమ్మాయిని కుర్చీ దగ్గర కూర్చోబెడతాను. నువ్వు లోపల అద్దాలు అరగదీసే సాన మాస్టారి దగ్గర ఉందువుగాని. జీతం అదే, పని కూడా అలాంటిదే, గది మారుతుందంతే.”

“అప్పటిదాకా?”

“అప్పటిదాకా కస్టమర్ల ముందు కాస్త పెదాలు కలిపి ఉంచు, చాలు.”

కోపంగా అని ఉంటే బాగుండేది, ఎదురు ఒకటి అని ఊరుకునేది. ఇంత మెత్తగా అన్నవాడిని ఏమనాలో అద్దాలక్కకి తెలియలేదు. ఇరవై రెండేళ్ళుగా ఆ కుర్చీ పక్కన ముక్కాలి పీట మీద కూర్చుంటోంది. ఈ చిన్నసారుకి ఎనిమిదో ఏట మొదటి కళ్ళజోడు తొడిగింది తనే. ఆ రోజు వాడు ఏడ్చి ఏడ్చి అద్దాలన్నీ తడిపేశాడు. మొన్న మొన్నటిదాకా ‘బుజ్జీ’ అనే పిలిచేది. వాళ్ళ నాన్న పెద్దసారు ఇంటిపట్టునే ఉండిపోయి దుకాణం వీడి చేతికి వచ్చాక, ఒకసారి కస్టమర్ల ముందు నోరు జారి అలా పిలిస్తే వాడి ముఖం ముడుచుకుపోయింది. అప్పటి నుంచి చిన్నసారూ, మీరూ అయ్యాయి.

కళ్ళజోడు తొడగడం అంటే చెవికీ ముక్కుకీ తగిలించి పంపడమే అనుకుంటారు జనం. ఏ మనిషికీ రెండు చెవులూ ఒక్క ఎత్తులో ఉండవు. ముక్కుదూలం ఎక్కడో ఒకచోట ఒంగే ఉంటుంది. అవన్నీ చూసి, కాడలు వంచి, ముక్కు మీద ఆనే మెత్తలు సర్ది, చెవి వెనక వేలు పెట్టి ఎక్కడ ఒరుసుకుంటుందో తడిమి చూసి, ఆఖర్న “ఒక్కసారి నవ్వండి” అంటుంది అద్దాలక్క. నవ్వితే బుగ్గలు లేస్తాయి. బుగ్గలు లేస్తే వాటితోపాటు కళ్ళజోడూ లేస్తుంది. నవ్వకుండా కుదిర్చిన కళ్ళజోడు ఇంటికెళ్ళి మొదటిసారి నవ్వగానే కనుబొమ్మల మీదికి ఎక్కి కూర్చుంటుంది. ఈ పని నేర్పినవాడు పెద్దసారు. “నవ్వమంటే ఎవరూ నవ్వరమ్మా. నువ్వు నవ్వు, వాళ్ళే నవ్వుతారు” అని చెప్పినవాడూ ఆయనే.

ఆ మాట చెప్పిన రోజు అద్దాలక్కకి బాగా గుర్తు. పనిలో చేరి రెండు రోజులైంది. మాట్లాడినప్పుడల్లా ఎడమ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకునేది. పెద్దసారు చూసి చూసి, “ఈ పనికి రెండు చేతులూ కావాలమ్మా. ఒకటి నోటికి అప్పజెబితే ఎలాగ?” అన్నాడు. చెయ్యి దించింది. మళ్ళీ ఎత్తవలసిన అవసరం ఈ మంగళవారం దాకా రాలేదు.

సాయంత్రం ఇంటికి వెళ్ళగానే అద్దాలక్క కొబ్బరిచిప్ప ముక్కొకటి స్టవ్ మీద కాల్చింది. నల్లగా అయ్యాక గిన్నె అడుగుతో నూరి, పల్చటి గుడ్డలో జల్లించి, ఇంత ఉప్పు కలిపింది. ఎంత ఉప్పు అన్నది మాత్రం గుర్తు రాక పెద్దక్కకి ఫోన్ చేసింది.

“అమ్మ పళ్ళపొడిలో బొగ్గు ఎంత, ఉప్పు ఎంత అక్కా?”

అవతల పెద్దక్క పకపకా నవ్వింది. “ఇన్నేళ్ళకి నీకిదేం పిచ్చే? గుప్పెడు పొడికి రెండు చిటికెలు. అమ్మ చిటికెలు, మనవి కాదు.”

చిన్నప్పుడు వాళ్ళుండే పంపు వీధిలో అందరి పళ్ళూ ఒకేలాంటివే. పైవరసలో అడ్డంగా టీ రంగు చారలు, వాటి మధ్య సున్నపు మచ్చలు. వీధి చివర చేతిపంపు ఒకటే ఉండేది, వీధంతటికీ అవే నీళ్ళు. ఆ చారలు మురికి అని నమ్మింది అమ్మ. వారానికో రోజు పిల్లలిద్దరినీ పంపు గట్టు మీద కూర్చోబెట్టి, చూపుడువేలికి గుడ్డ చుట్టి, బొగ్గుపొడితో చిగుళ్ళు మండేదాకా తోమేది. తోమి, కడిగి, గడ్డం పట్టుకుని ఎండలోకి తిప్పి, “ఈసారి కాస్త తగ్గాయే” అనేది. ప్రతీసారీ అదే మాట. ఆ మాట కోసమే కదలకుండా కూర్చునేవాళ్ళు ఇద్దరూ. తర్వాత చేతద్దం పట్టుకుని ఒకరి పళ్ళు ఒకరికి చూపించుకుంటూ పటం ఆట ఆడేవాళ్ళు. ఈ పొడుగు చార మన వీధి, ఈ తెల్లమచ్చ మన ఇల్లు, ఇదిగో ఈ చుక్క పంపు.

“నీకు గుర్తుందా,” అంది పెద్దక్క, “పంపు నీ పంటి మీదే ఉండేది. నా పళ్ళలో వెతికితే సందు మలుపు దాకానే దొరికేది. ఎంత కుళ్ళుకున్నానో నిన్ను చూసి!”

“నీ పళ్ళ పటం పోయిందిగా ఇప్పుడు.”

“పోయింది. అన్నీ పీకించి కట్టించుకున్నాక తళతళలాడుతున్నాయి. అద్దంలో చూసుకుంటే ఎవరో పెద్దింటావిడ నా చీర కట్టుకున్నట్టుంటుంది.” మళ్ళీ నవ్వి, ఆపి, “తోమితే పోదే. బడికి వచ్చిన డాక్టరు చెప్పాడు కదా, అది పైన అంటిన మురికి కాదు, నీళ్ళతోపాటు లోపలికి పోయిందని. ఆ రోజు అమ్మ ఏమందో...”

“నా చేత్తోనే తాగించానే అంది.”

“అని బొగ్గుపొడి డబ్బా విసిరికొట్టింది.”

ఆ తర్వాత, ఆ నీళ్ళు తాగకూడదని గుర్తుగా పంపుకి ఎర్ర రంగు వేశారు, తర్వాత పంపునీ, కొన్నేళ్ళకి రోడ్డు వెడల్పు చెయ్యడానికి వీధినీ తీసేశారు. ఇప్పుడక్కడ నిలబడి చూస్తే ఇల్లు ఏ పక్క ఉండేదో కూడా పోల్చుకోలేరు.

ఫోన్ పెట్టేసి అద్దాలక్క బొగ్గుపొడితో పళ్ళు తోముతుండగా డ్యూటీ దిగి వాళ్ళాయన వచ్చాడు. ఆయన బస్సు డ్రైవరు. గుమ్మంలోనే ఆగి, నల్లటి నోటిని చూసి, “ఇంజను కింద దూరింది నేనా నువ్వా?” అన్నాడు. సంగతి విన్నాక చొక్కా గుండీలు విప్పుకుంటూ, “నీ పళ్ళ రంగు ఎవరు చూస్తారు? నువ్వు నవ్వితే నాకు చప్పుడే వినపడుతుంది” అన్నాడు. మామూలుగా అయితే ఆ మాటకి నవ్వేదే. ఆ రోజు నోటి నిండా నీళ్ళు పోసుకుని పుక్కిలించింది.

బుధవారం మధ్యాహ్నం కొత్తమ్మాయి తన ఫోన్ తీసుకుని పక్కకి వచ్చి కూర్చుంది. చేరి మూడు నెలలైంది. పాపం మంచి పిల్ల. తన కోసమే కుర్చీ ఖాళీ చేయిస్తున్నారని తెలియనట్టుంది, తెలిసినా ఏం చెయ్యాలో తెలియనట్టుంది.

“బొగ్గు కాదక్కా, అది పళ్ళని గీకేస్తుందట. ఇది చూడు, వంటసోడాలో నిమ్మరసం కలిపి రాస్తుంది ఈవిడ. మూడు రోజుల్లో ఎలా అయ్యాయో చూడు.”

అద్దాలక్క చూసింది. తెరమీద ఉన్నావిడ పళ్ళు ముందు కూడా బాగానే ఉన్నాయి. అయినా ఆ సాయంత్రం సోడా, నిమ్మరసం కలిపింది. గిన్నెలో బుస్సుమని పొంగింది. పొంగినదాన్ని రాసుకుని, ఫోన్‌లో చెప్పిన దానికి ఇంకో రెండు నిమిషాలు కలిపి ఉంచింది. ఎక్కువసేపు ఉంచితే ఎక్కువ తెలుపు వస్తుందని ఆశ. మర్నాడు పొద్దున టీ గుక్క వేసుకునేసరికి నరం లాగినట్టై కళ్ళలో నీళ్ళు తిరిగాయి. టీ చల్లార్చుకుని తాగింది.

దుకాణంలో పెదాలు కలిపే ఉంచుతోంది. “ఒక్కసారి నవ్వండి” అని పెదాల చివర్లతో అంటుంది, తను నవ్వదు. కుర్చీలో కూర్చున్నవాళ్ళు ఆవిడ ముఖం చూసి, అదేదో కంటి పరీక్షలో భాగం అనుకుని, వాళ్ళూ పెదాలు కలిపి ఒక గీత గీసి ఊరుకుంటారు. ఆ గీతకి బుగ్గలు లేవవు. అద్దాలక్కకి అది తెలుసు. తెలిసీ మెత్తలు అంచనా మీద సర్ది పంపిస్తోంది. అలా పంపిన ప్రతీసారీ తన చేతులకి తనే అబద్ధం చెప్పినట్టు ఉంటోంది.

గురువారం చిన్నసారు కూడా వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఫోటో కోసమని కొత్త ఫ్రేము తెప్పించుకున్నాడు, నల్లగా, మందంగా, ముఖం సగం కప్పేసేది. అద్దాలక్క కాడలు సర్దింది. చెవి వెనక తడిమింది. ఎనిమిదో ఏట ఎంత ఎత్తు తేడా ఉండేదో ఎడమ చెవి ఇప్పటికీ అంతే ఎత్తు ఎక్కువ.

“ఒక్కసారి నవ్వండి.”

చిన్నసారు నవ్వకుండా నవ్వాడు.

“చాలా?” అన్నాడు.

“మీ ఇష్టమండీ” అంది అద్దాలక్క.

శుక్రవారం మందుల దుకాణంలో తెల్లబరిచే జెల్ కొంది. పళ్ళ ఆకారంలో మెత్తటి అచ్చు ఉంటుంది, అందులో జెల్ నింపి నోట్లో పెట్టుకుని అరగంట కూర్చోవాలి. మాట్లాడటానికి వీల్లేదు. ఆయన ఎదురుగా కూర్చుని ఇదే అదను అన్నట్టు ఆ నెలలో తనకి తట్టిన సలహాలన్నీ ఒక్కసారే చెప్పాడు. అరగంట అయ్యాక కడుక్కుని అద్దంలో చూసుకున్న అద్దాలక్కకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. టీ రంగు చారలు అలాగే ఉన్నాయి. వాటి మధ్య తెల్లమచ్చలు మాత్రం ఎన్నడూ లేనంత తెల్లగా, విడివిడిగా లెక్కపెట్టేలా పైకి తేలాయి. పొడుగు చార వీధి. మచ్చ ఇల్లు. చుక్క పంపు. అమ్మ వేలికి గుడ్డ చుట్టుకుని తోమినన్నాళ్ళూ పోనిది, ఇప్పుడు ఇంకా బాగా కనపడుతోంది. అమ్మ ఉంటే గడ్డం పట్టుకుని వెలుతురులోకి తిప్పి ఏమనేదా అనుకుంది. ఈసారి కాస్త తగ్గాయే అనేది. ఆ మాట ఇంకొక్కసారి వినాలనిపించి, అద్దం ముందే నిలబడిపోయింది.

శనివారం మూడు కళ్ళజోళ్ళు తిరిగి వచ్చాయి. శుక్రవారం వచ్చినవి నాలుగు. కొత్తమ్మాయి ఒక్కోదానికి చిన్న చీటీ అంటించి కుర్చీ పక్కనున్న పళ్ళెంలో పెట్టింది. ఏడు చీటీల మీదా ఇంచుమించు ఒకే మాట, గుండ్రటి అక్షరాలతో: నవ్వితే పైకి లేస్తున్నాయట. సాన మాస్టారు లోపలినుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, కంటి నంబర్లలో తన తప్పేమైనా ఉందేమోనని ఏడింటినీ దీపానికి పట్టి చూశాడు. లేదని తేలాక అద్దాలక్క వైపు చూశాడు.

“చెయ్యి పట్టు తప్పిందా?” అన్నాడు. ఆయన ఎకసెక్కంగా తప్ప మామూలుగా అడగడు. ఈసారి మాత్రం మామూలుగానే అడిగాడు.

“చెయ్యి కాదు మాస్టారూ.”

“మరి లోపల నా పక్కన నీకు బల్ల వేస్తున్నారట. సాన చప్పుడుకి నీ మాట నాకు వినపడదు, నా మాట నీకు వినపడదు. సుఖంగా ఉండొచ్చు.” “పెద్దసారు దుకాణంలో ఉంటేనా...” అని, పూర్తి చెయ్యకుండా వెళ్ళిపోయాడు.

అద్దాలక్క ఆ ఏడింటినీ మళ్ళీ సర్దలేదు. ముఖాలు లేకుండా ఏం సర్దుతుంది? మెత్తటి గుడ్డతో ఒక్కోదాన్నీ తుడిచి, కాడలు మడిచి, పళ్ళెంలోనే వరసగా పెట్టింది. ఆ తర్వాత తన పట్టకారులూ, చిన్న స్క్రూడ్రైవర్లూ, పెద్దసారు ఇచ్చిన ఇత్తడి కొలబద్దా ఒక డబ్బాలో సర్దుకుంది. సోమవారం ఎవరో చెప్పి సర్దించే బదులు తనే సర్దుకుంటే గౌరవంగా ఉంటుందని.

ఆదివారం పది గంటలకి ఫోటోగ్రాఫరు దీపాలు నిలబెట్టాడు. చిన్నసారు మధ్యలో, పక్కన కొత్తమ్మాయి, ఇటు మాస్టారు. అద్దాలక్క ఆ చివర, నిలువుటద్దం పక్కన, సగం కనపడీ కనపడకుండా.

“నవ్వండి సార్! అందరూ!”

దీపం మెరిసింది. ఫోటోగ్రాఫరు కెమెరా వెనక చూసుకుని తల అడ్డంగా ఊపాడు.

“సార్, మీరు నవ్వగానే కళ్ళజోడు పైకి లేచిపోతోంది. కనుబొమ్మలు మాయమైపోతున్నాయి.”

చిన్నసారు కిందికి లాక్కున్నాడు. మళ్ళీ నవ్వాడు. మళ్ళీ లేచింది. కొంచెం తక్కువ నవ్వమన్నాడు ఫోటోగ్రాఫరు. తక్కువ నవ్వితే ఎవరినో తిట్టబోతున్నట్టు వచ్చింది. కళ్ళజోడు తీసేస్తే కళ్ళు చికిలించుకుపోయాయి. కళ్ళజోళ్ళ దుకాణం బోర్డు మీద అలా చూస్తే జనం ఏమనుకుంటారని మాస్టారు గట్టిగానే అన్నాడు. చిన్నసారు చెవులు ఎర్రబడ్డాయి.

“అక్కా,” అన్నాడు, “కాస్త చూడు.”

వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. అద్దాలక్క డబ్బాలోంచి పట్టకారు తీసి పీట మీద కూర్చుంది. జానెడు దూరంలో ముఖం.

“ఒక్కసారి నవ్వండి.”

నవ్వాడు. పెదాలు సాగాయంతే.

“ఇది కాదండీ. ఇందాక ఫోటోకి నవ్వారే, అది.”

“రావట్లేదక్కా.”

“రాదండీ. చెబితే రాదు.”

చిన్నసారు చూపు పక్కనున్న పళ్ళెం మీద పడింది. ఒక చీటీ తీసి చదివాడు. ఇంకోటి తీశాడు. ఏడూ చదివాడు. తెలివితక్కువవాడు కాడు, పెద్దసారు కొడుకే కదా.

“ఇవన్నీ ఈ వారానివేనా?”

“మంగళవారం నుంచి.”

ఫోటోగ్రాఫరు గడియారం చూసుకున్నాడు.

“నువ్వు నవ్వక్కా,” అన్నాడు చిన్నసారు నెమ్మదిగా.

అద్దాలక్కకి ఒళ్ళు మండింది. వద్దన్నప్పుడు మానెయ్యడానికీ, కావాలన్నప్పుడు తెచ్చి పెట్టడానికీ అదేమైనా దుకాణం తలుపా? అయినా పనే కదా అని నవ్వబోయింది. రాలేదు. ఐదు రోజులుగా బిగపట్టిన పెదాలు, సోడాకి మండిన చిగుళ్ళు, ఏవీ కదలనన్నాయి. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి నవ్వడం ఎలాగో తెలియని మనిషిలా వాడి ఎదురుగా కూర్చుంది. పట్టకారు పట్టుకున్న చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. ఎడమ చెయ్యి దానంతట అదే నోటికి అడ్డంగా లేచింది.

ఆ చెయ్యి లేవడం చిన్నసారు చూశాడు. ముందుకి వంగి, ఎవరికీ వినపడకూడదన్నంత మెల్లిగా అడిగాడు.

“పంపు ఎక్కడుందక్కా?”

ఎనిమిదో ఏట ఈ కుర్చీలోనే, ఏడుపు మధ్యలో టక్కున ఆగి, నీ పళ్ళ మీద ఎవరు గీశారని అడిగాడు వాడు. మా వీధి పటం అని చెప్పింది. చార చూపించింది, ఇల్లు చూపించింది. ఆ తర్వాత బడి నుంచి వచ్చినప్పుడల్లా కుర్చీ ఎక్కి, “అక్కా, పంపు చూపించు” అని ప్రాణం తీసేవాడు. పెద్దసారు కోప్పడేదాకా దిగేవాడు కాదు.

అద్దాలక్క చెయ్యి దించింది. “ఇక్కడే ఉంది, ఎక్కడికి పోతుంది?” అంది. అని, ఆపుకోలేక, “ఈ వారం ఇంటికి మాత్రం కొత్తగా సున్నం వేయించాను, చూడు” అని నోరు తెరిచి చూపించింది.

చూసి చిన్నసారు నవ్వాడు. ఎనిమిదేళ్ళప్పటిలాగే, భుజాలు కూడా కదిలేలా. అతని నవ్వు చూసి అద్దాలక్కకి చప్పుడుతో సహా నవ్వు వచ్చేసింది. బుగ్గలు లేచాయి, నల్ల ఫ్రేము లేచింది. అది ఎంత లేచిందో చూసుకుని, తీసి, మెత్తలను పట్టకారుతో ఇంత లోపలికి వంచి, మళ్ళీ తొడిగింది.

“గడ్డం కొంచెం ఎత్తు బుజ్జీ.”

ఎత్తాడు. ముఖం ముడుచుకోలేదు. కళ్ళజోడు ఈసారి ఉన్నచోటే ఉంది. చిన్నసారు లేచి, ఆవిడ డబ్బాలో సర్దుకున్న పనిముట్లు చూశాడు. ఏదో చెప్పబోయి, అద్దాలక్క వైపు కాకుండా కొత్తమ్మాయి వైపు తిరిగాడు.

“ఈ ఏడుగురికీ ఫోన్ చేసి రేపు రమ్మను. కుర్చీ దగ్గర అక్క ఉంటుందని చెప్పు.”

కొత్తమ్మాయి ఊపిరి పీల్చుకుంది. తప్పయిందని అతను అనలేదు. అంటాడేమోనని అద్దాలక్క ఒక్క క్షణం చూసింది, తర్వాత డబ్బాలోంచి పనిముట్లు ఒక్కొక్కటే తీసి బల్ల మీద ఎప్పటి చోట పెట్టుకుంది. ఇత్తడి కొలబద్ద అన్నిటికంటే ముందు పెట్టింది.

మళ్ళీ వరసలో నిలబడ్డారు. చిన్నసారు నిలువుటద్దాన్ని పక్కకి జరిపించాడు. ఫోటోగ్రాఫరు అద్దాలక్కని పరకాయించి చూసి, మంచివాడే పాపం, భరోసా ఇస్తున్నట్టు చెప్పాడు.

“పళ్ళ గురించి మొహమాటపడకండమ్మా. కంప్యూటర్లో ఒక్క నిమిషంలో తెల్లగా చేసేస్తాను.”

“నావి వద్దు బాబూ,” అంది అద్దాలక్క. “ఆ వీధిని ఇప్పటికే ఒకసారి కొట్టేశారు.”

ఫోటోగ్రాఫరుకి ఏమీ అర్థం కాక చిన్నసారు వైపు చూశాడు.

“అక్కవి అలాగే ఉంచండి,” అన్నాడు చిన్నసారు.

ఫోటోగ్రాఫరు సరేనని కెమెరా ఎత్తి నవ్వమన్నాడు. చెబితే ఎవరికీ రాలేదు. అద్దాలక్క ముందుగా నవ్వింది.